కార్నర్ జాగలో అపార్ట్‌మెంట్: లిఫ్ట్ మూలకా, నడుమకా?

మా బావ హన్మకొండలో 400 గజాల జాగ కొన్నాడు. ఉత్తరం, తూర్పు రోడ్లు. కింద రెండు రోడ్ల వైపూ మడిగెలు, పైన నాలుగు అంతస్తులు. ప్లాన్ నా ముందు పరిచి, "లిఫ్టు, మెట్లు నైరుతి మూలకు తోసిన. ఏమంటవ్ బామ్మర్దీ?" అన్నాడు.

కిరాయి లెక్కన చూస్తే అంతకు మించిన ప్లాన్ లేదు. వాస్తుకూ నచ్చుతుంది: నైరుతి బరువు, ఈశాన్యం ఖాళీ. చిక్కేమిటంటే, బిల్డింగ్ మెలి తిరగడానికి కావాల్సిన ఏర్పాటు కూడా సరిగ్గా అదే.

పెళ్లి పందిరి వేసేటప్పుడు చూడండి. ఒక పక్క మొద్దు గుంజలు లోతుగా పాతి, రెండో పక్క సన్న వెదురు బొంగులు నిలబెట్టారనుకుందాం. పందిరిని నడుమ పట్టి నెడితే మొద్దు గుంజల పక్క కదలదు, బొంగుల పక్క ఊగిపోతుంది. మీరు నెట్టింది నేరుగానే, పందిరి మాత్రం తిరిగింది. భూకంపం తోపు బరువు కేంద్రం దగ్గర, అంటే దాదాపు బిల్డింగ్ నడుమ పడుతుంది. అడ్డుకునే బిగువంతా, అంటే లిఫ్టు చుట్టూ ఉండే కాంక్రీట్ గోడలు, నైరుతిలో ఉంటే ఈశాన్యం మూల పిల్లర్ రెండు దిక్కులా అందరికంటే ఎక్కువ ఊగుతుంది.

బావ ప్లాన్‌లో ఇంకోటి దాగుంది. పక్కిళ్ల వైపు, దక్షిణం, పడమరల్లో నిండుగా 9 అంగుళాల ఇటుక గోడలు. రోడ్ల వైపు షట్టర్లే. డ్రాయింగ్‌లో పిల్లర్లన్నీ సమానంగా కనిపిస్తాయి, కానీ ఇటుక గోడ కూడా బిగువే. చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.

భూకంపాలను తట్టుకునేలా కట్టడానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం, అంతస్తు ఒక చివర కదలిక రెండో చివర కదలికకు 1.5 రెట్లు దాటితే అది మెలి తిరిగే బిల్డింగ్. డిజైన్‌లో బరువు కేంద్రానికి, బిగువు కేంద్రానికి మధ్య ఎడాన్ని 1.5తో గుణించి, బిల్డింగ్ వెడల్పులో 5 శాతం కలపాలి. 15 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎడం ఉంటే 6.75 మీటర్లు. ఎడం అర మీటరుకు తగ్గితే 1.5 మీటర్లే. అదే తోపుకు మెలిక నాలుగున్నర రెట్లు తేడా!

"అయితే లిఫ్టు నడుమకు జరుపుదాం" అన్నాడు బావ. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పందిరికి నడుమ ఒక్క మొద్దు గుంజ, చుట్టూ బొంగులు పెట్టామనుకోండి. నెడితే తిరగదు, నిజమే. కానీ అంచు పట్టుకుని కాస్త తిప్పితే సులువుగా తిరిగిపోతుంది. మెలికను ఆపే శక్తి దూరం మీద ఆధారపడుతుంది: గోడ కేంద్రానికి రెట్టింపు దూరంలో ఉంటే ఆ శక్తి నాలుగింతలు. పైగా నడుమ లిఫ్టు పెడితే కింద పార్కింగ్‌లో కారు తిప్పే చోటుండదు.

ఎల్ ఆకారంలో కట్టి నడుమ జాయింట్‌తో రెండు ముక్కలు చేయడమూ ఒక దారే. ఇంత చిన్న జాగకు అనవసరం. వానాకాలం ఆ జాయింట్ కారుతుంటే ఏటా తిట్లు తినేది ఇంజినీరే.

నా ఓటు మూడోదానికి. లిఫ్టు మూలలోనే ఉండనీ. ఉత్తరం వైపు ఒకటి, తూర్పు వైపు ఒకటి, సుమారు 2 మీటర్ల కాంక్రీట్ గోడలు పునాది నుంచి పై స్లాబ్ దాకా లేపాలి. మొదటి అంతస్తులో ఆపితే కొత్త రోగం తెచ్చుకున్నట్టే. గోడ పొడవు ఎంతన్నది లెక్క వేసి తేల్చాలి, మేస్త్రీ అంచనాకు వదలొద్దు. ఖర్చు పెరుగుతుంది. ఒక్కో వైపు ఒక్కో షట్టర్ చిన్నదవుతుంది. ఈశాన్యం పిల్లర్‌ను మాత్రం 300 మిల్లీమీటర్ల కంటే సన్నం చేయొద్దు, చువ్వల చుట్టూ కట్టే రింగుల కొక్కేలను 135 డిగ్రీలు లోపలికి వంచాలి. సైట్‌లో 90 డిగ్రీలకు వంచి చేతులు దులుపుకుంటారు. సెంట్రింగ్ మూయకముందే నిలబడి చూసుకోవాలి.

"మన దిక్కు భూకంపాలెక్కడియి?" అన్నాడు బావ. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు చెప్పులు లేకుండా రోడ్డు మీదకు ఉరికింది తనే. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. 2001లో భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ కింద పార్కింగ్ కోసం ఖాళీ వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి.

బావ చాలాసేపు కాగితం మీద వేలితో కొలుచుకున్నాడు. చివరికి, "చిన్నయిన మడిగెను మొబైల్ షాపోళ్లకిస్త. కవర్లు, చార్జర్లు తగిలిచ్చుకోను వాళ్లకు గోడే కావాలె" అన్నాడు.