నీడ పడే చోటు ముందే చెప్పే సాఫ్ట్‌వేర్: కొన్నేళ్లు వాడాక నా మాట

గ్రహశకలం ఏదైనా ఒక నక్షత్రానికి అడ్డొస్తే ఆ నక్షత్రం కొన్ని సెకన్లు ఆరిపోతుంది. దీన్నే అకల్టేషన్ అంటారు. నేను దీనికోసం వాడే ప్రోగ్రాములు రెండు, రెండూ ఉచితమే. ఒకటి డేవ్ హెరాల్డ్ తయారు చేసిన అకల్ట్, రెండోది హ్రిస్టో పావ్లోవ్ తయారు చేసిన అకల్ట్‌వాచర్. ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, చిన్న మోనోక్రోమ్ కెమెరా, పాత ల్యాప్‌టాప్ మిగతా సరంజామా. ఇన్నేళ్లు వాడాక నాకు తేలింది ఒక్కటే: లెక్క కట్టే పని దాదాపు అయిపోయింది. ఇప్పుడు ఏదైనా తేడా కొడితే అది గడియారంలోనే, లేదంటే మబ్బులో.

ముందు లెక్క సంగతి. నక్షత్రం ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి దాని వెలుగు సమాంతరంగా వస్తుంది. అందుకే గ్రహశకలం ఎంత వెడల్పో భూమ్మీద దాని నీడ కూడా అంతే. యాభై కిలోమీటర్ల శకలమైతే యాభై కిలోమీటర్ల పట్టీ. ఆ పట్టీ ఏ ఊరి మీదుగా పోతుందో చెప్పాలంటే నక్షత్రం స్థానమూ శకలం కక్ష్యా రెండూ గట్టిగా తెలియాలి. శకలం మనకు రెండు ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి రెట్టింపు) దూరంలో ఉందనుకుంటే, ఒక మిల్లీ ఆర్క్‌సెకను (డిగ్రీలో 36 లక్షలో వంతు) పొరపాటుకు నీడ ఒకటిన్నర కిలోమీటరు జరుగుతుంది. నక్షత్రాల స్థానాలు కొలిచిన యూరప్ వ్యోమనౌక గయా రాకముందు చాలా నక్షత్రాలకు దిక్కు 2000లో వచ్చిన టైకో-2 కేటలాగు, అంటే నక్షత్రాల స్థానాల పట్టిక. అందులో స్థానాల పొరపాటు పదుల మిల్లీ ఆర్క్‌సెకన్లు. అంటే పట్టీ వెడల్పు ఎంతో పొరపాటు కూడా ఇంచుమించు అంత! అప్పట్లో ఈ పని చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన ఒకటి చెప్పుకోవాలి. టైకో-2లో నక్షత్రాల సొంత కదలికను లెక్కగట్టడానికి వాడిన పాత కొలతల్లో ముఖ్యమైనవి వందేళ్ల నాటి ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు ఫొటో ప్లేట్లవి. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఒక్కో వేధశాల ఒక్కో పట్టీని ఫొటోలు తీసింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ నిజామియా వేధశాల వంతు. అంటే 2000 తర్వాత చాలా ఏళ్లపాటు ఆ పట్టీలోని నక్షత్రానికి టైకో-2తో ప్రపంచంలో ఎవరు అకల్టేషన్ లెక్క వేసినా అందులో హైదరాబాదు గాజు పలకల వంతు కాస్త ఉండేది. 2018 ఏప్రిల్‌లో గయా రెండో విడత డేటా రావడంతో ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడు కక్ష్య బాగా తెలిసిన పెద్ద శకలాలకు నీడ అంచు కొద్ది కిలోమీటర్ల తేడాతో చెప్పేస్తున్నారు, సమయం ఒకటి రెండు సెకన్ల తేడాతో.

రోజువారీ పని అకల్ట్‌వాచర్‌తోనే. ఉండే చోటు, టెలిస్కోపుకు అందే నక్షత్రం ప్రకాశం, ఎంత దూరం వరకు వెళ్లగలమో చెబితే రాబోయే రోజుల జాబితా తయారుగా పెడుతుంది. ఆరిపోయేది ఎన్ని సెకన్లు, వెలుగు ఎంత తగ్గుతుంది, నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుంది, చంద్రుడెక్కడ, మనం నీడలో పడే అవకాశం ఎంత శాతం, అన్నీ ఒకే చోట. నాకు బాగా నచ్చింది స్టేషన్ ప్రకటన. నేను ఫలానా చోట నిలబడతాను అని నమోదు చేస్తే మిగతావాళ్లకు కనిపిస్తుంది, వాళ్లు నా గీత మీదే రాకుండా పక్కకు జరుగుతారు. శకలం ఆకారం తేలాలంటే ఒక్కొక్కరూ దాన్ని ఒక్కో చోట కోసే జ్యా, అంటే అడ్డుగీత, గీయాలి కదా. యూరప్‌లో ఒక్కో రాత్రికి పది మంది పేర్లు పక్కపక్కనే కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. మన దగ్గర చాలాసార్లు ఆ పటంలో నేనొక్కణ్ణే. ఒంటరి జ్యాతో ఆకారం తేలదు గానీ శకలం ఆ క్షణంలో ఎక్కడుందో మాత్రం మిల్లీ ఆర్క్‌సెకన్లలో తెలుస్తుంది, కక్ష్య సవరణకు అది పనికొస్తుంది.

నేనుండేది కర్నూలు. చాలా శకలాల నీడలు ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతాయి, 44వ నంబరు జాతీయ రహదారేమో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. ఇంతకంటే ఏం కావాలి? పట్టీ పైన ఉంటే పెబ్బేరు, కొత్తకోట వైపు, కింద ఉంటే డోన్, గుత్తి వైపు. టోల్ ప్లాజా దీపాలు దాటి ఏదైనా పొలం గట్టు దగ్గర ఆగితే చాలు.

అకల్ట్ మాత్రం కొత్తవాళ్లకు కంగారు పుట్టిస్తుంది. విండోలోంచి విండో, ప్రతి మూలా అంకెలు. కానీ సందేహం వచ్చినప్పుడు తెరవాల్సింది అదే. నక్షత్రానికి గయా ఇచ్చిన రూవే అనే అంకె చూడండి, 1.4 దాటితే అది జంట నక్షత్రం కావచ్చు, స్థానాన్ని మరీ నమ్మొద్దు. అలాంటి నక్షత్రం ఒక్కోసారి ఒకేసారి ఆరదు, మెట్టు మెట్టుగా తగ్గుతుంది, అదొక బోనస్. సమయాలు యూటీలో, అంటే గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. 14వ తేదీ 20:40 అని ఉంటే మనకది 15వ తేదీ తెల్లవారుజామున 2:10. రెండు ప్రోగ్రాములూ విండోస్ కోసమే రాసినవి.

డాబ్సోనియన్‌కు మోటారు లేదు కదా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. నక్షత్రం ఆ క్షణానికి ఎక్కడికి వస్తుందో లెక్క చూసి, టెలిస్కోపును ముందే అక్కడికి గురిపెట్టి వదిలేయాలి. దీన్ని ప్రీపాయింట్ అంటారు. భూమి తిరుగుతుంటే నక్షత్రమే నడుచుకుంటూ ఫ్రేములోకి వస్తుంది. నా 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు చిన్న సెన్సర్ పెడితే ఒక నిమిషం పాటు ఉంటుంది, ఫోకల్ లెంగ్త్‌ను సగం చేసే 0.5 రెడ్యూసర్ తగిలిస్తే రెండు నిమిషాలు. నీడ వచ్చే సమయం ఇంత కచ్చితంగా తెలియబట్టే ఈ పద్ధతి నడుస్తోంది.

డబ్బు పెట్టాల్సింది గడియారం మీద. నీడ సెకనుకు 15 కిలోమీటర్లు పరిగెడుతుంటే పదో వంతు సెకను తేడా ఒకటిన్నర కిలోమీటర్లకు సమానం. మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా సరిచేసిన ల్యాప్‌టాప్ సమయం పొలాల మధ్య సిగ్నల్‌ను బట్టి ఊగుతుంది. ప్రతి సెకనుకూ ఒక పల్స్ ఇచ్చే జీపీఎస్ మాడ్యూలుకు ఎల్‌ఈడీ కట్టి, రికార్డింగు మొదట్లోనూ చివర్లోనూ ఆ మెరుపు ఫ్రేముల్లో పడేలా చూసుకుంటున్నాను. జీపీఎస్ లోపలే ఉన్న కెమెరాలూ దొరుకుతాయి, స్తోమత ఉంటే అదే సుఖం.

2017 జులై 17న అర్జెంటీనాలోని పటగోనియాలో నెప్ట్యూన్ అవతలి చిన్న శకలం అరొకోత్ నీడ కోసం నాసా వాళ్లు ఇరవైకి పైగా టెలిస్కోపులు వరుసగా పెట్టారు. అక్కడివాళ్లు హైవే మీద వాహనాలు ఆపి, వీధి దీపాలు ఆర్పి, గాలికి అడ్డంగా లారీలు నిలిపారు. ఐదు టెలిస్కోపులకు నీడ చిక్కింది, రెండు ముద్దలు అతుక్కున్న ఆకారమని ఊహించారు. 2019 జనవరి 1న నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్ దగ్గరికెళ్లి చూస్తే నిజంగానే అంతే. డోన్ దగ్గర మనకు దీపాలు ఆర్పేవాళ్లెవరు, గస్తీ పోలీసు టార్చి మన టెలిస్కోపు గొట్టంలోకి కొట్టకుంటే చాలు.

మన వాతావరణంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా జాబితా చూసి ఉసూరుమనడమే. సీజన్ అంటే నవంబరు నుంచి మార్చి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ ఇన్‌శాట్ చిత్రం చూస్తాను, గంటల వారీ అంచనాల కన్నా అదే నయం.

ఆరుద్ర లాంటి మెరిసే నక్షత్రాన్ని 2023 డిసెంబరు 12న లియోనా అనే శకలం కప్పినట్టు రోజూ జరగదు. మామూలుగా దొరికేవి పది పన్నెండు మాగ్నిట్యూడ్ చుక్కలు, ఉత్త కంటికి ఆనని మసక చుక్కలు. స్క్రీన్ మీద మసకగా వణికే చుక్క ఒక్క ఫ్రేములో మాయమై మూడు నాలుగు సెకన్లకు తిరిగొస్తుంది, అంతే చూసేది. చుక్క ఆరకపోయినా నివేదిక పంపండి. మీ పక్క ఊళ్లో ఎవరికైనా ఆరి ఉంటే శకలం అంచు ఎక్కడిదాకా ఉందో మీ చుక్కే చెబుతుంది. వీడియో కొలవడానికి పావ్లోవ్‌దే టాంగ్రా ఉంది, లేదంటే పైమూవీ, పైఓటీఈ జత. నేను పైమూవీ వాడతాను, గాలికి టెలిస్కోపు ఊగిన రాత్రుల్లో అది చుక్కను వదలదు.