రైబోజోమ్, క్యాన్సర్ ఆన్‌లైన్ కోర్సు: సగం అద్భుతం, సగం హడావిడి

రైబోజోమ్‌ల తయారీకీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద ఒక ఆన్‌లైన్ కోర్సు చూశాను, బయాలజీ కాస్త గుర్తున్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. కణం పెరగాలంటే ప్రొటీన్లు కావాలి, వాటికి రైబోజోమ్‌లు కావాలి, అందుకే కణం పెరుగుదలను నడిపే మిక్ లాంటి జన్యువు అదుపు తప్పితే న్యూక్లియోలస్‌లో (కేంద్రకంలో రైబోజోమ్‌లు తయారయ్యే చోటు) వాటి ఉత్పత్తి అమాంతం పెరిగిపోతుంది. చాలా ట్యూమర్ కణాల్లో న్యూక్లియోలస్ ఉబ్బి కనిపించేది ఇందుకేనట.

అసలు మజా ట్యూమర్లను అడ్డుకునే పి53 ప్రొటీన్ పాఠంలో ఉంది. రైబోజోమ్ తయారీ మధ్యలో ఆగితే, పని లేక మిగిలిపోయిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 అనే రైబోజోమ్ ప్రొటీన్లు 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనే మరో రైబోజోమ్ భాగంతో కలిసి, పి53ని నాశనం చేయించే ఎండీఎం2 ప్రొటీన్‌ని పట్టేసుకుంటాయి. ఇక పి53ని నాశనం చేసేదే ఉండదు కాబట్టి అది పోగుపడి కణవిభజనను ఆపేస్తుంది. బొమ్మలతో భలే చెప్పారు, ఈ ఒక్క పాఠానికే డబ్బులు గిట్టాయి.

మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరుగో పరుగు. ఆక్టినోమైసిన్-డి అనే క్యాన్సర్ మందు తక్కువ మోతాదులో, రైబోజోమ్‌కి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏని తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-1 ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని చెప్పి వదిలేశారు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు, దాని చుట్టమైన సిస్‌ప్లాటిన్‌లా డీఎన్‌ఏని దెబ్బతీయడం కంటే రైబోజోమ్ తయారీని కుంటుపరచడం ద్వారానే కణాలను చంపుతుందని 2017లో వచ్చిన పరిశోధనకు రెండే ముక్కలు. ఆ పాలిమరేజ్-1నే అడ్డుకోవడానికి తయారుచేసిన ప్రయోగాత్మక మందు సీఎక్స్-5461 డీఎన్‌ఏకి కూడా హాని చేస్తుందన్న మాటే ఎత్తలేదు, ఇది చిన్న లోపమేమీ కాదు. పి53 పాడైపోయిన ట్యూమర్ల సంగతేంటని అడిగితే జవాబు లేదు. ఆడియో కూడా అక్కడక్కడా గుసగుసే. ఐదుకి మూడున్నర.