ఈఎఫ్ కోర్ క్వెరీ ఫిల్టర్లు: ఇన్‌హెరిటెన్స్ దగ్గరే పేచీ

డాట్‌నెట్‌లో డేటాబేస్‌తో పనిచేసే లైబ్రరీ ఈఎఫ్ కోర్. అందులో క్వెరీలకు తనంతట తానే షరతు తగిలించే హ్యాజ్‌క్వెరీఫిల్టర్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. టెనెంట్ షరతు (ఏ కస్టమర్ డేటా ఆ కస్టమర్‌కే) ఒక్కచోట రాస్తే, సంబంధిత డేటాను కలిపి తెచ్చే ఇన్‌క్లూడ్‌లతో సహా అన్ని క్వెరీలకూ అదే పడుతుంది. నా గొడవంతా ఒక్కదాని మీదే: ఫిల్టర్‌ను ఇన్‌హెరిటెన్స్‌లో అన్నిటికంటే పైనున్న రూట్ క్లాసు మీద తప్ప, దాని నుంచి పుట్టిన డిరైవ్డ్ క్లాసు మీద పెట్టనివ్వదు.

పెడితే మోడల్ కట్టేటప్పుడే ఎక్సెప్షన్ కొడుతుంది. అంతవరకు నయమే. అసలు చిక్కు దాన్ని తప్పించే మామూలు పద్ధతిలో ఉంది. సాఫ్ట్ డిలీట్ (రో తీసేయకుండా డిలీటైనట్టు గుర్తు పెట్టడం) ఇంటర్‌ఫేస్ ఉన్న ప్రతి ఎంటిటీకీ, మోడల్ కట్టే ఆన్‌మోడల్‌క్రియేటింగ్ మెథడ్‌లో లూప్ వేసి ఫిల్టర్ తగిలిస్తారు. ఎక్సెప్షన్ రాగానే 'బేస్‌టైప్ నల్ అయితేనే', అంటే రూట్‌కి మాత్రమే, అని ఒక చెక్ పెడతారు. ఎర్రర్ పోతుంది. కానీ డాక్యుమెంట్ అనే రూట్ కింద ఇన్వాయిస్, కొటేషన్ ఉండి, ఇంటర్‌ఫేస్ ఇన్వాయిస్‌కి మాత్రమే ఉంటే? రూట్‌కి ఇంటర్‌ఫేస్ లేదు, ఇన్వాయిస్‌కి బేస్‌టైప్ ఉంది. లూప్ రెండింటినీ దాటేస్తుంది. డిలీట్ చేసిన ఇన్వాయిస్‌లు లిస్టులో దర్జాగా కనబడతాయి, ఒక్క వార్నింగ్ కూడా రాదు.

కాబట్టి షరతు రూట్ మీదే రాయాలి: ఇన్వాయిస్ కానిదైనా అయ్యుండాలి, లేదా డిలీట్ కాని ఇన్వాయిస్ అయినా అయ్యుండాలి. ఇది ఇన్వాయిసేనా అని చూసే 'ఈజ్' చెక్ లేకుండా ఉత్త కాస్ట్‌తో సరిపెట్టొద్దు. టీపీహెచ్‌లో (హైరార్కీ మొత్తానికి ఒకే టేబుల్ వాడే పద్ధతి) అందరిదీ ఒకే టేబుల్, కొటేషన్ రోల్లో ఈజ్‌డిలీటెడ్ కాలమ్ నల్‌గా ఉంటుంది. నల్‌ని సున్నాతో పోలిస్తే నిజం కాదు గనక కొటేషన్లూ ఎగిరిపోతాయి. టుక్వెరీస్ట్రింగ్‌తో ఎస్‌క్యూఎల్ తీసి, వేర్ క్లాజ్‌లో డిస్క్రిమినేటర్ (రో ఏ క్లాసుదో చెప్పే కాలమ్) వచ్చిందో లేదో చూసుకోవడం మంచిది.

వీలుంటే ఈజ్‌డిలీటెడ్‌ని రూట్‌లోకే జరిపేయడం నాకు ఇష్టం. పాత రోలకు డిఫాల్ట్ ఫాల్స్‌తో ఒక మైగ్రేషన్, అంతే. ఫిల్టర్ ఒక్క ముక్కలో తేలిపోతుంది, టీపీటీలో (క్లాసుకో టేబుల్) అయితే షరతు బేస్ టేబుల్ కాలమ్ మీదే పడుతుంది.

ఇన్‌క్లూడ్ గురించి పైన అన్నదానికీ ఒక మెలిక ఉంది. తప్పనిసరి నావిగేషన్ (ఒక ఎంటిటీ నుంచి ఇంకోదానికి లింకు) అయితే ఇన్నర్ జాయిన్ వేస్తుంది. అవతలి రో ఫిల్టర్‌లో పోతే ఇవతలిదీ పోతుంది. రెండువైపులా ఒకే ఫిల్టర్ పెట్టాలి, లేదా నావిగేషన్‌ని ఆప్షనల్ చేయాలి.

ఈఎఫ్ కోర్ 10లో పేరున్న ఫిల్టర్లు వచ్చాక టెనెంట్‌ని ఉంచి సాఫ్ట్ డిలీట్ ఒక్కటే ఆపొచ్చు, అది హాయి. రూట్ నిబంధన మాత్రం అలాగే ఉంది. నాకున్నవి చిన్న టీపీహెచ్ హైరార్కీలు, రూట్ కోడ్ నా చేతిలోనే ఉంది, అందుకని నెట్టుకొస్తున్నాను. రూట్ క్లాసు ఇంకెవరి లైబ్రరీలోనో ఉన్నవాళ్లకు దీన్ని అంత ధైర్యంగా చెప్పలేను.