తిరుమలలో మొరాయించిన బండి, కింద దొరికిన మీటరు మనిషి

కడప నుంచి తిరుపతికి సొంత బండిలో వెళ్లడంలో సుఖం ఒకటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. ఒంటిమిట్టలో రాములవారి దర్శనం చేసుకున్నాం, రాజంపేటలో టిఫిను తిన్నాం, కోడూరులో అమ్మ అరటిపళ్లు బేరమాడింది. ఆగిన ప్రతిచోటా బండి స్టార్టయింది. మా బావ ఒక్కడే, "సెల్ఫు కొంచెం ఈడుస్తోంది రా" అని రెండుసార్లు గొణిగాడు. మామండూరు దాటేసరికి చీకటి పడింది, సన్నగా వాన మొదలైంది. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ నడుస్తున్నాయి. డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు మిణుకుమిణుకుమంటూ కనిపించింది, పోయింది.

అలిపిరి తనిఖీ దగ్గర పెద్ద వరుస. సామాను దించి స్కానింగులో పెట్టాలి, ప్లాస్టిక్ సీసాలు ఉంటే తీసేయాలి. సెలవు రోజుల్లో వెళ్లేవాళ్లు అక్కడ ఓపిక కాస్త ఎక్కువే దగ్గర పెట్టుకోవాలి. ఎక్కే దారి 1974లో వేసిన రెండో ఘాట్. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదని లెక్క. దిగేది 1944 నాటి పాత ఘాట్, దానికి 40 నిమిషాలు. దారి బాగుంది, మలుపుల్లో బోర్డులు స్పష్టంగా ఉన్నాయి, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

కొండ మీద గది దొరికింది. సాదాగా ఉంది, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. ఇచ్చిన అద్దెకు వంక పెట్టలేం. అయితే పార్కింగ్ గదికి దూరం. దర్శనం ముగించుకుని మర్నాడు తెల్లవారుజామున సామాను మోసుకుంటూ బండి దగ్గరకొచ్చి తాళం తిప్పితే టకటకటకమని వరుసగా శబ్దం, అంతే.

ఆ శబ్దమే సగం సంగతి చెబుతుంది. గబగబా టకటకమంటే కరెంటు చాలడం లేదని, అంటే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినళ్లు వదులయ్యాయనో, వాటికి తుప్పు పట్టిందనో అనుకోవాలి. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోయి, లైట్లు మాత్రం బాగానే వెలుగుతుంటే అనుమానం సెల్ఫు మోటారు మీదికీ, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి సోలెనాయిడ్ మీదికీ వెళ్లాలి. మాది హార్న్ కూడా ముక్కుతూ మోగే స్థితి. బావ టెర్మినళ్లు కదిపి చూశాడు, బిగువుగానే ఉన్నాయి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు, తెల్లవారుజామున చలి. మన సీమ ఎండలు బ్యాటరీని లోపల్లోపలే తినేస్తాయి. ఆ సంగతి బయటపడేది మాత్రం ఇలాంటి చల్లటి పూటే. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిలు చిక్కబడి సెల్ఫుకు బరువు పెరుగుతుంది.

పక్కనే ఉన్న ట్యాక్సీ అతను అడక్కుండానే జంపర్ కేబుళ్లు తీశాడు. ఎర్ర వైరు ముందు మా బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస తన బండి ప్లస్‌కు. నల్లది తన మైనస్‌కు, చివరి కొస మాత్రం మా బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు తగిలించాడు. నిప్పురవ్వ లేస్తే అది బ్యాటరీ దగ్గర లేవకూడదు, అక్కడ హైడ్రోజన్ వాయువు ఉంటుంది. బండి ఒక్క తిప్పుకే లేచింది. డబ్బు తీసుకోలేదు. "కిందకి పొయ్యేదాకా ఆపద్దన్నా. ఆపితే మళ్లీ నన్నే ఎతుక్కోవాల" అన్నాడు. ఈ ప్రయాణంలో దొరికిన సేవలన్నిటికీ మార్కులు వేయమంటే మొదటి మార్కు అతనికే.

కింద తిరుపతిలో మొదట కనిపించిన బ్యాటరీ దుకాణంలో ఆగాం. కుర్రాడు బానెట్ ఎత్తాడు, బ్యాటరీ మీద తేదీ చూశాడు. "రెండేళ్లయింది, పోయింటాది సార్. పాతది ఇస్తే తగ్గించి కొత్తది ఇస్తాం" అన్నాడు. వోల్టేజీ కొలిచే మీటరు పెట్టలేదు. మీటరు లేదా అని అడిగితే, "చూస్తేనే తెలుస్తాది గదా" అన్నాడు. ఇక్కణ్ణుంచి మేం వెళ్లాల్సింది ప్రమాణాల వినాయకుడున్న కాణిపాకానికే కాబట్టి ఆ మాట అక్కడ ప్రమాణం చేసి చెప్పమందామా అని బావ నా చెవిలో అన్నాడు. తమాషా ఏమిటంటే, బ్యాటరీలకు ఈ ప్రాంతం పుట్టిల్లు. మేం వచ్చిన దారిలోనే కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ ఉంది, ఇంకొకటి చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లెలో. ఊళ్లో బ్యాటరీ అమ్మేవాళ్లకు కొదవ లేదు. అమ్మే ముందు కొలిచేవాణ్ణే వెతుక్కోవాలి.

కరకంబాడి రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు. రేకుల షెడ్డు, కూర్చోడానికి ఒక బెంచీ, అంతే సౌకర్యం. పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. ఇంజిన్ ఆపించి, కాసేపు హెడ్‌లైట్లు వేయించి, తీసేశాక మీటరు పెట్టాడు. అప్పటిదాకా నడిచిన బండికి పైపైన నిలిచే వోల్టేజీ అలా దిగితేనే అసలు అంకె కనిపిస్తుందట. 12.1 వచ్చింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపాలి, 12.2 అంటే దాదాపు సగం. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా కొలిచాడు. 13.8 నుంచి 14.5 మధ్య రావలసింది 12.6 వచ్చింది. ఏసీ, లైట్లు వేయించి ఆక్సిలేటర్ తొక్కమన్నాడు. అంకె పైకి పోకపోగా 11.9కి జారింది.

"అన్నా, కుండ బాగానే ఉండాది, కొళాయే రావటంలే."

కొళాయి అంటే ఆల్టర్నేటర్, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. దాన్ని తిప్పే బెల్టు నొక్కి చూశాడు, బిగువు సరిగ్గానే ఉంది. మీటరు వైరు ఆల్టర్నేటర్ వెనకున్న బోల్టు మీద పెట్టినా అదే అంకె. అక్కడ ఎక్కువ, బ్యాటరీ దగ్గర తక్కువ వచ్చి ఉంటే మధ్యలో వైరుదే తప్పు. రెండుచోట్లా ఒకటే కాబట్టి ఆల్టర్నేటరే చాలినంత కరెంటు పుట్టించడం లేదు. విప్పితే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి మొండివేళ్లయ్యాయి. కడప నుంచి మేం దాదాపు బ్యాటరీలో దాచుకున్నది తింటూ వచ్చామన్నమాట. పగలు తట్టుకుంది. చీకటి, వాన, అలిపిరి వరుసలో ఏసీతో నిలబడటం, ఈ మూడూ కలిసి ఖాళీ చేశాయి. రెండు హెడ్‌లైట్లకే 110 వాట్లు పోతాయి. కొత్త బ్యాటరీ వేసుకుని ఉంటే అది కూడా కాణిపాకం దాకా వచ్చి అక్కడ పడుకునేది.

ఒక హెచ్చరిక కూడా చేశాడు. ఈమధ్య వస్తున్న కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే అవసరాన్ని బట్టి పెంచి తగ్గిస్తుంది కాబట్టి ఒక్కసారి 12.8 కనిపించగానే పోయిందని తేల్చకూడదట. నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ వైరు పీకి పరీక్షించే పాత పద్ధతినైతే అసలు చేయనివ్వొద్దన్నాడు, వోల్టేజీ ఎగదన్ని ఎలక్ట్రానిక్స్ మాడిపోతాయి.

బ్రష్షులు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చి, బ్యాటరీని రాత్రంతా చార్జింగులో పెట్టాలన్నాడు కాబట్టి కింద ఆగక తప్పలేదు. రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం బండి లేకుండా వచ్చేవాళ్లకు అన్నివిధాలా మంచివి. మేం అలిపిరి రోడ్డులో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది ఇరుకు, ఫ్యాను గోల, అద్దె ఎక్కువ. సెల్లార్ పార్కింగ్ అని గొప్పగా చెప్పారు గానీ, ఒక బండి వెనక ఒకటి ఇరికిస్తారు. స్టార్టవని బండి అక్కడ ఉంటే తోయడానికి కూడా చోటుండదు. సాయంత్రం కపిలతీర్థం నడిచి వెళ్లాం, అదొక్కటే ఆ బసకున్న లాభం.

మర్నాడు నిలకడ మీద 12.7, సెల్ఫు తిరిగేటప్పుడు 10.4. ఆ సమయంలో 9.6 కంటే కిందికి పడితేనే బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ మీద 14.2, అన్నీ వేశాక 13.9. పాత బ్రష్షులు కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. దుకాణంలో కొత్త బ్యాటరీకి అడిగిన దాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు.

చంద్రగిరి కోట మీదుగా కాణిపాకం, సుమారు 70 కిలోమీటర్లు. కోటలో రాజమహల్ చూడటానికి గంట చాలు. కాణిపాకంలో పార్కింగ్ విశాలంగా ఉంది. సొంత బండితో వచ్చేవాళ్లకు అలిపిరి, కొండ కంటే ఇక్కడ తేలిక. కొత్త బండ్లకు పూజలు జరుగుతున్నాయి, టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కుంకుమ. మా బండికీ చేయిద్దామని అమ్మ అంది. కరకంబాడి రోడ్డులోనే దక్షిణ ఇచ్చేశామన్నాడు బావ. అమ్మ వినలేదు, నిమ్మకాయలు కొనే తెచ్చింది.