నాలుగేళ్లుగా టీమక్స్‌లోనే కాపురం

టీమక్స్ అంటే ఒకే టెర్మినల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే విండోలో) చాలా పనులు నడుపుకునే ప్రోగ్రామ్. టెర్మినల్‌తో బతికేవాళ్ల డెస్క్‌టాప్ సాయంత్రమయ్యేసరికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక విండోలో సర్వర్, ఇంకోదాంట్లో లాగ్‌లు, మరోదాంట్లో కోడ్ మార్పుల లెక్క చూసే గిట్, ఎక్కడో వెనకాల మర్చిపోయిన ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి లాగిన్). ఆల్ట్-ట్యాబ్ ఎన్నిసార్లు కొట్టినా కావాల్సింది తప్ప అన్నీ కనిపిస్తాయి. ఈ గోల తగ్గుతుందని ఎడిటర్, టెర్మినల్, బ్రౌజర్ ఒకే విండోలో ఉండే ఒక యాప్ పెట్టుకున్నాను. ముచ్చటగా ఉండేది. ఒకరోజు అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అడిగింది, ఆలోచించకుండా సరే అన్నాను. లోపల రెండు గంటలుగా నడుస్తున్న డేటా మైగ్రేషన్ దాంతోపాటే పోయింది.

నిజానికి ఏ మామూలు టెర్మినల్ విండో మూసినా జరిగేది అదే. లోపల మన కమాండ్‌లు నడిపే షెల్‌కు సిగ్‌హప్ అనే సిగ్నల్ అందుతుంది, దాని కింద నడిచేవన్నీ సాధారణంగా ఆగిపోతాయి. టీమక్స్‌లో అలా కాదు. షెల్‌లన్నీ వెనక నడిచే దాని సర్వర్ చేతిలో ఉంటాయి. మనకు కనిపించే విండో వట్టి క్లయింట్. ప్రిఫిక్స్ అనే కంట్రోల్-బి నొక్కి డి కొడితే బయటికొచ్చేస్తాం (దీన్నే డిటాచ్ అంటారు), పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. రిమోట్ మెషీన్‌లో దీన్ని నడిపితే నెట్ పోయినా టెన్షన్ లేదు. మళ్లీ లాగినై అటాచ్ చేస్తే కర్సర్ వదిలిన చోటే ఉంటుంది. స్క్రీన్‌ను ముక్కలు చేసుకోవడం ఇప్పుడు చాలా టెర్మినల్‌లలో ఉంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఈ డిటాచ్ ఒక్కటే.

ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో సెషన్ (విండోల గుంపు) పెట్టుకుంటాను. మొదటి విండోలో ఎడిటర్, రెండోదాంట్లో సర్వర్, లాగ్‌లు పక్కపక్కనే, మూడోది గిట్‌కు. ప్రిఫిక్స్ తర్వాత ఎస్ కొడితే సెషన్ల జాబితా వస్తుంది. జడ్ కొడితే చిన్న పేన్ (స్క్రీన్ ముక్క) స్క్రీనంతా పరుచుకుంటుంది, ఇంకోసారి కొడితే సర్దుకుంటుంది. రోజంతా నా వేలు ఆ జడ్ మీదే ఉంటుంది.

మొదటి వారం మాత్రం ఓపిక పట్టాలి. మౌస్ మామూలుగా పనిచేయదు, సెట్టింగ్‌లో ఆన్ చేసుకోవాలి. స్క్రోల్ హిస్టరీ ముందుగా 2000 లైన్లే ఉంటుంది. నేను దాన్ని 50000 చేసి, ఇంకా పాత లైన్లు రావట్లేదేమిటా అని తల పట్టుకున్నాను. ఆ మార్పు కొత్తగా తెరిచిన పేన్‌లకే వర్తిస్తుందట! విమ్ ఎడిటర్ వాడేవాళ్లకు ఇంకో తంటా: టీమక్స్ పాత వెర్షన్లలో ఎస్కేప్ నొక్కాక అర సెకను ఆగుతుంది. ఎస్కేప్-టైమ్ అనే సెట్టింగ్ 500 మిల్లీసెకన్లు ఉండటమే కారణం. 3.5 వెర్షన్ నుంచి దాన్ని 10కి తగ్గించారు. లోకల్ టీమక్స్‌లోంచి రిమోట్ టీమక్స్‌లోకి వెళ్తే ప్రిఫిక్స్ రెండుసార్లు నొక్కాలి. నాలుగేళ్లయినా తప్పు టీమక్స్‌కే కమాండ్ ఇచ్చి నాలుక కరుచుకుంటూనే ఉన్నాను. రిమోట్ నుంచి కాపీ చేసింది మన క్లిప్‌బోర్డుకు రావాలంటే టెర్మినల్‌కు ఓఎస్‌సీ 52 (క్లిప్‌బోర్డుకు టెక్స్ట్ పంపే సంకేతం) వచ్చి ఉండాలి. కొన్నిటికి రాదు.

మెషీన్ రీబూట్ అయితే టీమక్స్ కూడా ఏం చేయలేదు. రిసరెక్ట్ ప్లగిన్ విండోలను, డైరెక్టరీలను తిరిగి నిలబెడుతుంది, కంటిన్యూమ్ అనే ఇంకో ప్లగిన్ తోడైతే 15 నిమిషాలకోసారి తనంతట తానే సేవ్ చేస్తుంది. సగంలో ఆగిన మైగ్రేషన్‌ను మాత్రం ఏదీ లేపలేదు. బ్రౌజర్ ప్రివ్యూ పక్కనే కావాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. నేనైతే బ్రౌజర్‌ను రెండో మానిటర్‌కు నెట్టేశాను.

ఏదీ చావదు కాబట్టి ఏదీ మూయబుద్ధి కాదు. ఇది రాస్తూ సెషన్ల జాబితా తీస్తే 11 ఉన్నాయి. వాటిలో ‘టెంప్’ అనేదాంట్లో ఏదో నడుస్తోంది. అదేమిటో గుర్తు లేదు, ఆపడానికి ధైర్యం చాలట్లేదు.