ఫోర్ట్ మోర్గాన్‌లో ఒక రాత్రి, ఒక సమాధి

ఒమాహాలో మా చెల్లెలి ఇంటి నుంచి డెన్వర్‌కి తిరిగి వస్తూ నాకిష్టమైన రచయిత సమాధి చూద్దామని కొలరాడోలోని ఫోర్ట్ మోర్గాన్ అనే ఊళ్ళో ఒక రాత్రి ఆగాం. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన అమ్మ. ఏడు గంటల డ్రైవింగ్ హాయిగా సాగింది. బాధంతా లాడ్జిలోనే.

ఆన్‌లైన్‌లో 84 డాలర్లని చూసి బుక్ చేశాను. కౌంటర్ దగ్గర క్లీనింగ్‌కి 12, టాక్స్ 7 కలిపి 103 తీసుకున్నారు. గది తలుపు మీద నాన్‌స్మోకింగ్ స్టిక్కర్ ఉంది, తలుపు తీస్తే గుప్పున సిగరెట్ కంపు. దుప్పటికి మినపగింజంత కాలిన చిల్లు. అమ్మకి ఆయాసం ఉంది, గది మార్చమని అడిగాను. కౌంటర్‌లో మనిషి ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నీ నిండిపోయాయన్నాడు. తెల్లారి చూస్తే పార్కింగ్‌లో మాది కాక మూడే కార్లు! అమ్మ రాత్రంతా కుర్చీలో కూర్చుని దగ్గుతూనే ఉంది. "మీ రచయిత కోసం కాకపోతే ఇంకో గంటంబావులో ఇంట్లో పడుకునేవాళ్ళం" అని మా ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

ఆ రచయిత ఫిలిప్ కె. డిక్, అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత. 'టోటల్ రీకాల్', 'మైనారిటీ రిపోర్ట్' సినిమాలు ఆయన కథల నుంచి వచ్చినవే. ఏది నిజం, ఎవరు మనిషి అన్న రెండు ప్రశ్నలనే బతికినంతకాలం తిప్పి తిప్పి రాశాడు. 40కి పైగా నవలలు రాసినా చాలాకాలం డబ్బుకి కటకటలాడాడు. ఆయన 1968 నవల ఆధారంగా తీసిన 'బ్లేడ్ రన్నర్' 1982 జూన్‌లో విడుదలైంది. ఆయన అదే ఏడాది మార్చి 2న, 53 ఏళ్ళకే పోయాడు. పూర్తయిన సినిమా చూసుకోలేదన్న మాట తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆయన సమాధి ఈ ఊళ్ళోని రివర్‌సైడ్ శ్మశానంలో ఉంది: కె సెక్షన్, 1వ బ్లాక్, 56వ లాట్. ఇది రాసుకుని వెళ్ళండి, లేకపోతే మాలా వెతుక్కోవాలి. మేం అరగంట తిరిగాక, గడ్డి కోస్తున్న ఒక పెద్దాయన మిషన్ ఆపి మరీ దగ్గరుండి చూపించాడు. టికెట్ లేదు, ఏమీ లేదు.

ఒకే రాయి, రెండు పేర్లు. జేన్, ఫిలిప్. కవలలు, 1928 డిసెంబర్ 16న పుట్టారు. జేన్ 1929 జనవరి 26న పోయింది. అప్పుడే అమ్మానాన్నలు బతికున్న కొడుకు పేరు కూడా పక్కన చెక్కించి, పోయిన తేదీకి చోటు ఖాళీగా వదిలేశారు. ఆ చోటు 53 ఏళ్ళు అలాగే ఉంది. తర్వాత తండ్రే కొడుకు అస్థికలు తెచ్చి చెల్లి పక్కన పెట్టించాడు.

పొద్దున్నే శ్మశానమేమిటని సణుగుతూ వచ్చిన అమ్మ వేళ్ళ కణుపులు లెక్కపెట్టి, "నలభై ఒక్క రోజులేరా" అంది. రాతి మీద పడిన ఎండు గడ్డిని అరచేత్తో తుడిచింది.

శ్మశానం నుంచి వచ్చాక స్నానం చెయ్యందే అమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. లాడ్జికి వెళ్తే గది తలుపు తెరిచే కార్డు పనిచెయ్యలేదు. అప్పటికి టైము 10:20. గోడ మీద బోర్డేమో చెకౌట్ 11 గంటలకని చెబుతోంది. అయినా లేటైంది, 25 డాలర్లు కట్టమన్నాడు కౌంటర్‌లో మనిషి. బోర్డు చూపిస్తే అది పాతదన్నాడు. అమ్మ ముఖం చూసి కట్టాను. 103కి ఇదీ కలిస్తే 128. అది మోసమే. చీకటి పడ్డాక ఈ ఊరు చేరకండి, డెన్వర్ నుంచి 80 మైళ్ళే, పగలు వచ్చి వెళ్ళిపోండి.

ఊళ్ళో సోమాలీ వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ చిన్న హోటల్లో టిఫిన్‌కి కూర్చున్నాం. మాంసం వద్దంటే వేడివేడి సబాయాద్ తెచ్చారు, అచ్చం మన పరోటానే, పొరలు పొరలుగా. యాలకులు, దాల్చినచెక్క వేసిన టీ. అమ్మ రెండో గ్లాసు తనే అడిగింది. ముగ్గురికీ కలిపి 17 డాలర్లు. మీరూ తప్పకుండా తినండి.

కారెక్కాక అమ్మ అడిగింది, "ఆ పాప గురించి అతనేమైనా రాశాడా?" 1965లో వచ్చిన 'డాక్టర్ బ్లడ్‌మనీ'లో ఏడేళ్ళ పిల్ల ఉంటుంది. కవల తమ్ముడు ఆమె ఒంట్లోనే ఉంటాడు, వాడితో ఆమె మాట్లాడుతూ ఉంటుంది. ఆ కథ మొదలుపెట్టాను. పది మైళ్ళు పోయాక వెనక సీట్లోంచి మా ఆవిడ, "మరి వాడు బయటికి వస్తాడా?" అంది.