మా జీఎస్‌టీ కన్సల్టెంట్ గారి ఆఫీసు: తెనాలి ఫొటో స్టూడియో నుంచి ఒక రివ్యూ

తెనాలిలో మాది పెళ్ళిళ్ళకి ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో. నేను, మా తమ్ముడు, ముహూర్తాలున్నప్పుడు పనికి వచ్చే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, అంతే. మా టాక్స్ పనులు చూసేది గుంటూరు అరండల్‌పేటలో మేడ మీద గదిలో కూర్చునే ఒక కన్సల్టెంట్ గారు. ప్రచారం ఆయనకి ఇష్టం ఉండదు, అందుకని పేరు రాయడం లేదు. అయినా ఈ రివ్యూ ఎందుకంటే, మీ ఊళ్ళో ఇలాంటి మనిషిని వెతుక్కునేటప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో తెలుస్తుందని.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఆధార్, పాన్ అడగలేదు. ముందు మా పని గురించి అడిగారు. "ఫ్రేములు, ఆల్బమ్‌లు విడిగా కూడా అమ్ముతారా? మీ పాన్ మీద షాపు అద్దెలేమైనా వస్తాయా? హైదరాబాద్ పెళ్ళిళ్ళు ఒప్పుకుంటారా?" టీ వచ్చి చల్లారిపోయేదాకా ఇవే ప్రశ్నలు. ప్రతిదానికీ ఒక కారణం ఉందని తర్వాత అర్థమైంది.

అంతకుముందు మేము అడిగిన ఇంకొకాయన "40 లక్షల దాకా మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ 40 లక్షలు ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే అమ్మేవాళ్ళకి. తెలంగాణలో అయితే వస్తువులకి కూడా 20 లక్షలే. సేవలకి రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలు. మాలాగా ఫొటోలు తీస్తూ ఫ్రేములు కూడా అమ్మేవాళ్ళు "సగం సరుకే కదా" అనుకుంటే కుదరదు, సేవ కలిసిందంటే 20 లక్షల లెక్కే. పైగా ఇది మిగులు కాదు, ఏడాది మొత్తం వసూలు. ల్యాబ్‌కి కట్టిన డబ్బు, కుర్రాళ్ళ కూలి, కారు అద్దె ఏదీ అందులోంచి తీసెయ్యకూడదు. అదే పాన్ మీద కొట్టు అద్దె వస్తుంటే అదీ కలుస్తుంది. హద్దు దాటాక 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుకి ప్రభుత్వానికి కట్టాల్సింది ఒక్క రూపాయి కూడా లేదని ఆయన ముందే చెప్పి, తన ఫీజు వేరే కాగితం మీద రాసిచ్చారు. ఈ ఒక్క పనికే నా దృష్టిలో ఆయనకి సగం మార్కులు పడ్డాయి.

మా కళ్ళ ముందే ఒక బ్యూటీ పార్లర్ ఆవిడ రిజిస్ట్రేషన్ చేయించుకుందామని వస్తే, లెక్క అడిగి "ఇప్పుడే వద్దమ్మా, మీరు 20 లక్షల దరిదాపుల్లో కూడా లేరు. తీసుకుంటే పని లేని నెలల్లో కూడా రిటర్న్ వెయ్యాలి" అని తిప్పి పంపేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గిందని, రేపు వ్యాపారం పెరిగి హద్దు దాటినా అంత భారం ఉండదని ధైర్యం కూడా చెప్పారు. వచ్చిన ఫీజు వదులుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

మా విషయంలో ఎక్కువసేపు పట్టింది కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు మొత్తం వసూలు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) తీసుకోవాలా, మామూలు పద్ధతిలో ఉండాలా అన్న దగ్గర. ఒక పాత కవరు వెనక లెక్క వేసి చూపించారు. లక్ష రూపాయల ప్యాకేజీ అనుకోండి. మామూలు పద్ధతిలో ఫొటోగ్రఫీకి 18 శాతం, అంటే పెళ్ళివాళ్ళ దగ్గర 1,18,000 తీసుకుని 18,000 కట్టాలి. అందులోంచి మనం కెమెరా కొన్నప్పుడు, ల్యాబ్‌కి బిల్లు కట్టినప్పుడు పడిన జీఎస్‌టీ తగ్గించుకోవచ్చు. రెండు లక్షల కెమెరా మీద 36,000 పన్ను పడుతుంది, అది చిన్న డబ్బేం కాదు. కాంపోజిషన్ అయితే సేవలకి 6 శాతం, ఏడాదికి 50 లక్షల దాకానే. ఆ 6,000 మన జేబులోంచి పోవాలి, కస్టమర్ దగ్గర పన్ను పేరుతో ఒక్క పైసా తీసుకోకూడదు, కెమెరా మీద కట్టిందీ వెనక్కి రాదు. చూస్తే పెళ్ళివాళ్ళకి చవగ్గా కనిపిస్తుంది కాబట్టి మా తమ్ముడు అటే మొగ్గాడు. అప్పుడు బయటికొచ్చింది హైదరాబాద్ ప్రశ్న. తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్ళకి బిల్లు వేస్తే అది రాష్ట్రం దాటిన సేవ, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు అలా చెయ్యకూడదు. మాకు కూకట్‌పల్లి నుంచి ఏటా ఆర్డర్లు వస్తాయి. అలా మామూలు పద్ధతే ఖాయమైంది. ఇంకో సంగతి కూడా చెప్పారు: రాష్ట్రం దాటి సేవ చేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, 20 లక్షల లోపు ఉంటే అక్కర్లేదు. ఆ తప్పనిసరి అనేది వస్తువులు పంపేవాళ్ళ సంగతి. ఈ రెండింటినీ కలిపేసి భయపెట్టేవాళ్ళు చాలామంది తగిలారు మాకు.

అడ్వాన్స్ గురించి కూడా వివరంగా చెప్పారు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. వస్తువులకి అడ్వాన్స్ తీసుకున్నప్పుడు పన్ను లేదు, బిల్లు వేసినప్పుడే. సేవలకి మాత్రం డబ్బు చేతిలో పడినప్పుడే లెక్క. శ్రావణంలో పెళ్ళి అని వైశాఖంలో 50,000 ఇచ్చారనుకోండి, అందులో పన్ను కలిసే ఉందనుకుంటే 7,627 రూపాయలు అప్పటి రిటర్న్‌లోనే చూపించాలి. పెళ్ళి ఆగిపోయి డబ్బు వెనక్కి ఇచ్చేస్తే దానికీ ఒక వోచర్ రాయాలి. అప్పటి నుంచి మా రసీదు పుస్తకంలో అడ్వాన్స్ పేజీలు వేరుగా పెట్టుకున్నాం.

రిటర్న్‌లు మూడు నెలలకోసారి. ఏడాదికి 5 కోట్ల లోపు ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు ఉంది. మొదటి రెండు నెలలూ 25వ తేదీలోపు పన్ను మాత్రం కడతాం, మూడో నెల అయ్యాక అసలు రిటర్న్. విజయవాడ ఈవెంట్ వాళ్ళకి వేసే బిల్లుల్ని మాత్రం ఆయన ప్రతి నెలా 13వ తేదీలోపు పోర్టల్‌లో ఎక్కిస్తారు, లేకపోతే వాళ్ళ లెక్కలో ఆ పన్ను కనపడదు, మన డబ్బు ఆపేస్తారు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేకపోయినా నిల్ రిటర్న్ వెయ్యాల్సిందే. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్‌కి 20. కట్టాల్సిన పన్ను ఉండిపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ.

ఆ ఆఫీసులో నాకు బాగా నచ్చేది బయట బల్ల. వ్యాపారస్తులే కాదు, బిల్లు చేతిలో పట్టుకుని మామూలు జనం కూడా వచ్చి కూర్చుంటారు. ఒకరోజు మంగళగిరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కూతురి పెళ్ళికి కల్యాణ మండపం వాళ్ళు 18 శాతం వేశారట, అది నిజమా కాదా అని. "మండపానికి 18 శాతం ఉన్నమాటే, బాబాయ్ గారూ. కానీ తీసుకునే హక్కు వీళ్ళకుందో లేదో చూద్దాం" అని బిల్లు తీసుకుని దాని మీదున్న జీఎస్‌టీ నంబర్ మీద వేలు పెట్టి చూపించారు. పదిహేను అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, మనకి 37, తెలంగాణకి 36. తర్వాత పది వాళ్ళ పాన్. ఆ నంబర్ జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే, లాగిన్ అక్కర్లేకుండానే, వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా, రెగ్యులరా కాంపోజిషనా అన్నీ వస్తాయి. ఆ మండపం కాంపోజిషన్ అని వచ్చింది. అంటే వాళ్ళు పన్ను వసూలు చెయ్యకూడదు, ఆ మాట బిల్లు మీద రాసి కూడా ఉండాలి. పెద్దాయన ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్ళారు. ఫీజు ఇవ్వబోతే ఈయన తీసుకోలేదు.

ఇంకొక అబ్బాయి హోటల్ బిల్లు తెచ్చాడు, సర్వీస్ చార్జ్ కూడా గవర్నమెంటుకే పోతుందనుకుని. అది హోటల్ వాళ్ళ సొంత వసూలు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆదేశాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమని అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్‌టీ 5 శాతం, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నరగా విడదీసి కనిపిస్తుంది.

కొంతమంది పాత సర్వీస్ టాక్స్ నోటీసులు కూడా పట్టుకొస్తారు. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చాక ఆ పన్ను పోయింది కదా అంటే, దానికి ముందు సంవత్సరాల ఆదాయం ఇన్‌కంటాక్స్ లెక్కలతో పోల్చి పంపించినవి. అప్పట్లో మినహాయింపు 10 లక్షలు, చివర్లో రేటు సెస్సులతో కలిపి 15 శాతం. ఆయన చెప్పేది ఒకటే, నోటీసు పక్కన పడెయ్యొద్దు, ఆ ఏళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు తెండి, జవాబు గడువులోపు ఇద్దాం అని.

ఇంకోటి చాలా ముఖ్యం. మా రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్ మావే పెట్టించారు. పాస్‌వర్డ్ మా దగ్గరే. మా వీధిలో సౌండ్ సిస్టమ్స్ అతనికి వేరే కన్సల్టెంట్ తన సొంత నంబర్ పెట్టేశాడు. నోటీసులన్నీ అటే పోయాయి, రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయ్యేదాకా ఇతనికి తెలియలేదు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో అడిగాకే సంతకం పెట్టండి.

ఇక లోపాలు. నెలలో 18వ తేదీ నుంచి 25 దాకా ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడినా జవాబు రాదు. ఆ రోజుల్లో మాకు టెన్షనే. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. అసిస్టెంట్ కుర్రాడు ఒకసారి మా బిల్లు ఒకటి తప్పు తేదీతో ఎక్కిస్తే, తర్వాత నెలలో సవరించారు గానీ ఈలోపు ఈవెంట్ వాళ్ళ ఫోన్లు మేమే పడాల్సి వచ్చింది. ఫీజు మూడు నెలలకి 2,000, ఇంకా తక్కువకి చేసేవాళ్ళు ఉన్నారు. కానీ ఈయన దగ్గర ప్రశ్నకి జవాబు కూడా అందులోనే.

వెళ్ళేవాళ్ళు నెల మొదటి వారంలో, ఉదయం పదకొండు లోపు వెళ్ళండి, బల్ల ఖాళీగా ఉంటుంది. పాన్, ఆధార్, షాపు కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్ళండి. కొనేవాళ్ళయితే బిల్లు ఒక్కటి చాలు.